అవగాహన: సి.ఆర్. రావు – విశాఖ చదువు, కలకత్తా లెక్క

మనకెందుకు ఈ పాఠం?

2023లో పోటీ పరీక్షలకు చదివినవాళ్లందరూ ఒక బిట్టు బట్టీ పట్టారు: అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి ఎవరికి? జవాబు సి.ఆర్. రావు. అక్కడితో గైడు పేజీ తిప్పేస్తుంది. ఆయన ఏం కనుక్కున్నాడో, 1945లో రాసిన వ్యాసానికి 2023లో బహుమతి ఎందుకిచ్చారో అందులో ఉండదు. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరైనా ఆ రెండో ప్రశ్న వేస్తే మనవాళ్లు నేల చూపులు చూడాల్సిందే. ఈ పాఠం ఆ రెండో ప్రశ్న కోసం.

శ్రీకాకుళం, విజయనగరం అభ్యర్థులకు ఇంకో కారణం కూడా ఉంది. రావుగారు ఇంటర్, డిగ్రీ చదివింది విశాఖపట్నంలో. ఆ రోజుల్లో శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న, విజయనగరం 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. ఆయన చదివేనాటికి అంతా విశాఖపట్నం జిల్లాయే. కాబట్టి ఆయన చదువు మన ఉమ్మడి జిల్లా చదువే. అలాగని “ఉత్తరాంధ్ర బిడ్డ” అని రాసేస్తే మార్కు పోతుంది. పుట్టింది ఇక్కడ కాదు.

పుట్టుక, ఊళ్లు

పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణ రావు. తెలుగు కుటుంబం. 1920 సెప్టెంబర్ 10న హడగళిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ బళ్లారి జిల్లాలో ఉండేది, ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 2021లో బళ్లారిని విడదీసి ‘విజయనగర’ జిల్లా చేసినప్పుడు హడగళి ఆ కొత్త జిల్లాలోకి వెళ్లింది. మన విజయనగరానికీ ఆ విజయనగరకూ ఒక్క సున్నా తేడా. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఇంతకంటే మంచి ఉచ్చు దొరకదు.

తల్లిదండ్రుల పది మంది సంతానంలో ఎనిమిదో వాడు. కృష్ణుడూ ఎనిమిదో సంతానమే కదా, అందుకే రాధాకృష్ణ అని పేరు పెట్టారు. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు ఇన్‌స్పెక్టర్. బదిలీల ఉద్యోగం కాబట్టి బడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా సాగింది. తండ్రి పదవీ విరమణ చేశాక కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. తల్లి లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని ఆయన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ రాసుకున్నారు. నాలుగింటికి అలారం పెట్టి, అది మోగగానే నొక్కి పడుకునేవాళ్లకు ఈ వాక్యం కొంచెం గుచ్చుకుంటుంది.

ఏవీఎన్ కాలేజీ: ఒక చిన్న పక్కదారి

ఇంటర్మీడియట్ చదివిన మిసెస్ ఏవీఎన్ కాలేజీ పేరులోనే మన ప్రాంతపు గణిత చరిత్ర దాగి ఉంది. ఏవీఎన్ అంటే అంకితం వెంకట నరసింగరావు. ఈయన మామగారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో ఖగోళశాస్త్రం నేర్చుకొచ్చి, 1840 ప్రాంతంలో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల కట్టుకున్న జమీందారు. ఆయన పోయాక అల్లుడు దాన్ని నడిపాడు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిన ఘట్టాన్ని అక్కడి నుంచే పరిశీలించాడు. నరసింగరావు భార్య భర్త పేరు మీద ఇచ్చిన విరాళంతోనే కాలేజీకి ఆ పేరు వచ్చింది. ముందున్న ‘మిసెస్’ ఆమే. సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఇదే కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం చెప్పారు. రామన్ కూడా ఇక్కడ చదివాడు. వరండా అదే, రోజులు వేరు.

గడువు దాటిన దరఖాస్తు

1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్‌లో గణితం ఎం.ఏ. ప్రథమ శ్రేణిలో, మొదటి ర్యాంకుతో పూర్తి చేశారు. పరిశోధన చేయాలని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టారు. అది గడువు దాటాక చేరిందని పక్కన పెట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా రైలెక్కారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒక తోటి దక్షిణాది కుర్రవాడు, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. అలాంటి చదువొకటి ఉందని రావుగారు వినడం అదే మొదటిసారి. 1941 జనవరి 1న అక్కడ చేరిపోయారు.

ఐఎస్ఐని ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించారు. రావుగారు చేరేనాటికి దానికి సొంత ఆవరణ కూడా లేదు. ప్రెసిడెన్సీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగంలోనే నడిచేది. కలకత్తా విశ్వవిద్యాలయం అప్పుడే సాంఖ్యకశాస్త్రంలో ఎం.ఏ. మొదలుపెట్టింది. మొదటి బ్యాచ్‌లో చేరి 1943లో ప్రథమ శ్రేణి, బంగారు పతకంతో బయటికొచ్చారు. ఆ వెంటనే అదే తరగతులకు పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

1945: ఇక్కడ కాసేపు ఆగాలి

తరగతిలో అంచనాల సిద్ధాంతం చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఇంగ్లండులో రోనాల్డ్ ఫిషర్ అప్పటికే చెప్పి ఉన్నాడు. రావుగారు ఆ ఫలితం రుజువు చేసి చూపించారు. ఒక విద్యార్థి లేచి, శాంపిల్ చిన్నదైతే సంగతేమిటండీ అని అడిగాడు. మాస్టారి దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చున్నారు. మర్నాడు తరగతిలో జవాబు చెప్పారు.

ఆ విద్యార్థి పేరు వి.ఎం. దండేకర్. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు ఉలిక్కిపడాలి. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో ‘పావర్టీ ఇన్ ఇండియా’ రాసిన దండేకర్ ఈయనే. దారిద్ర్యరేఖ, 2,250 కేలరీలు అని మనం ఎకానమీలో చదివే దండేకర్–రథ్‌లో సగం. గైడుల్లో ఈ రెండు పేర్లూ రెండు వేరు అధ్యాయాల్లో ఉంటాయి. కానీ ఒకప్పుడు ఒకే గదిలో ఉన్నాయి.

ఆ జవాబుతో పాటు ఇంకో రెండు ఫలితాలు కలిపి 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వ్యాసం వేశారు. అప్పటికి పాతికేళ్లు నిండీ నిండని వయసు. ఆ మూడింటినీ మన పొలంలో, మన గోడౌన్‌లో చూద్దాం.

*మొదటిది: క్రామర్–రావ్ హద్దు.* నాగావళి ఆయకట్టులో ఎకరాకు సగటున ఎన్ని బస్తాలు పండాయో తెలుసుకోవాలి. ఊరంతా కోసి తూచలేం కాబట్టి కొన్ని చోట్ల పంట కోత ప్రయోగం చేస్తాం. చేనుకీ చేనుకీ దిగుబడి తేడా (ప్రామాణిక విచలనం) 4 బస్తాలు అనుకుందాం. 16 చేలు కోస్తే మన సగటులో ఉండే ఊగిసలాట 4 ÷ √16, అంటే 1 బస్తా. దీన్ని అర బస్తాకు తగ్గించాలంటే 32 చేలు కోస్తే చాలదు, 64 కోయాలి. ఇక్కడివరకు ఇంటర్ లెక్కే.

రావుగారి ప్రశ్న వేరు. సగటు కాకుండా ఇంకేదైనా తెలివైన సూత్రం కనిపెట్టి, అదే 16 చేలతో 1 బస్తా కంటే తక్కువ ఊగిసలాట సాధించవచ్చా? సాధించలేరు, ఎవరి వల్లా కాదు అన్నారు. ఒక్కో పరిశీలనలో ఇంత సమాచారం ఉంటుంది (దీన్నే ఫిషర్ సమాచారం అంటారు). ఎటూ మొగ్గు లేని అంచనా ఏదైనా సరే, దాని విస్తృతి (అంటే ఊగిసలాట వర్గం) ‘1 ÷ మొత్తం సమాచారం’ కంటే కిందికి దిగదు. ఇది హద్దు. దిగుబడులు నార్మల్ విభాజనంలో ఉంటే సగటు సరిగ్గా ఆ హద్దును తాకుతుంది. మధ్యగతం తాకదు. శాంపిల్ పెద్దదైతే 100 చేల మధ్యగతం ఇచ్చే కచ్చితత్వాన్ని 64 చేల సగటే ఇచ్చేస్తుంది. మిగతా 36 చేలు కోసిన కూలి దండగ.

ఈ హద్దు విలువ గణితం పుస్తకంలోనే ఆగిపోలేదు. రాడార్, సోనార్ రూపొందించే ఇంజినీర్లు తమ యంత్రం ఎంత మెరుగ్గా పనిచేయగలదో ముందుగా తూచుకునేది దీనితోనే. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామర్ తన 1946 పుస్తకంలో విడిగా ఇదే ఫలితం ఇచ్చాడు కాబట్టి రెండు పేర్లూ కలిశాయి.

*రెండోది: రావ్–బ్లాక్‌వెల్ సిద్ధాంతం.* ఇది పలాసలో చెబితే వెంటనే అర్థమవుతుంది. జీడిపిక్కల బస్తాలో పుచ్చువి ఎంత శాతమో తేల్చాలి. పది పిక్కలు తీశారు. ఒక సోమరి ఏం చేశాడంటే, మొదటి పిక్క మాత్రమే పగలగొట్టి, పుచ్చయితే “బస్తా అంతా పుచ్చే”, మంచిదైతే “అసలు పుచ్చే లేదు” అన్నాడు. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఈ పద్ధతిలో ఎటూ మొగ్గు లేదు. వేల బస్తాల మీద సగటు చూస్తే సరైన జవాబే వస్తుంది. ఒక్కో బస్తా దగ్గర మాత్రం ఘోరంగా తప్పుతుంది.

ఇప్పుడు పదింటినీ పగలగొడితే మొత్తం మూడు పుచ్చులు వచ్చాయి. ఆ ‘మూడు’ అనే సంఖ్యలోనే బస్తా గురించి శాంపిల్ చెప్పగలిగిందంతా ఉంది. ఏ పిక్క ముందు, ఏది వెనక అనేది అనవసరం. దీన్ని సాంఖ్యకశాస్త్రంలో పర్యాప్త గణాంకం అంటారు. మొత్తం మూడు అని తెలిశాక, మొదటి పిక్క పుచ్చుదయ్యే సంభావ్యత ఎంత? 3/10. సోమరి అంచనా స్థానంలో ఈ 3/10 పెట్టండి. మొగ్గు లేకపోవడం అలాగే ఉంటుంది, విస్తృతి పదో వంతుకు పడిపోతుంది. ఎంత మొరటు అంచనా ఇచ్చినా, పర్యాప్త గణాంకం మీద నిలబెట్టి మళ్లీ సగటు తీస్తే అది మెరుగుపడుతుంది లేదా అలాగే ఉంటుంది గానీ చెడిపోదు. సిద్ధాంతం ఇంతే. అమెరికన్ గణితవేత్త డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో విడిగా దీన్నే చేరుకున్నాడు.

*మూడోది: సంభావ్యతల మధ్య దూరం.* పుచ్చు శాతం 50 నుంచి 51కి పెరగడం, 1 నుంచి 2కి పెరగడం ఒకటేనా? తీసివేత చేస్తే రెండూ ఒక శాతమే. కొనే వ్యాపారిని అడగండి: మొదటిది పట్టించుకోడు, రెండోదానికి గొడవపడతాడు, ఎందుకంటే పుచ్చు రెట్టింపయింది. రావుగారు వ్యాపారి పక్షాన గణితం నిలబెట్టారు. ఫిషర్ సమాచారాన్నే కొలబద్ద చేసుకుని రెండు విభాజనాల మధ్య దూరం కొలిచారు. ఆ కొలబద్దతో లెక్కేస్తే మొదటి దూరం సుమారు 0.02, రెండోది సుమారు 0.083. నాలుగు రెట్లు. సంభావ్యతలను ఒక వంకర నేల మీద బిందువులుగా చూసే ఈ ఆలోచనే తర్వాత ‘సమాచార జ్యామితి’ అనే శాఖ అయింది.

నా లెక్కలో పద్మ పురస్కారాలన్నీ ఒక పక్క, ఈ ఒక్క వ్యాసం ఒక పక్క. 2023 బహుమతి ప్రకటనలో ఎత్తి చూపింది కూడా ఈ మూడు ఫలితాలనే.

కేంబ్రిడ్జిలో ఎముకలు, ఎలుకలు

సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో దొరికిన ప్రాచీన మానవ అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉండేవి. వాటి కొలతలను మహలనోబిస్ దూరం అనే పద్ధతితో విశ్లేషించడానికి మనిషి కావాలని కబురొస్తే, మహలనోబిస్ 1946లో రావుగారిని పంపారు. పగలు ఎముకల కొలతలు. మిగిలిన వేళల్లో ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకలు పెంచుతూ జన్యువుల లెక్కలు. 1948లో ఫిషర్ పర్యవేక్షణలోనే పీహెచ్‌డీ వచ్చింది. అదే ఏడు ‘స్కోర్ టెస్ట్’ ప్రతిపాదించారు. ఆర్థికగణితం పుస్తకాల్లో లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అని వేరే పేరుతో కనిపించేది ఇదే.

‘అనువర్తిత గణితం’ అనే మాటకు అర్థం వెతికేవాళ్లకు ఈ రెండేళ్లు మంచి ఉదాహరణ. ముందు ఎముక, తర్వాత సూత్రం.

81కి బదులు 9

రావుగారు 1947లో ఇచ్చిన ఆర్థోగోనల్ అర్రేల సంగతి చిన్నగా చెప్పుకుందాం. వరి మీద ప్రయోగం: మూడు వంగడాలు, మూడు మోతాదుల ఎరువు, మూడు రకాల నీటి తడి, మూడు రకాల నాట్ల ఎడం. అన్ని కలయికలూ వేసి చూడాలంటే 3×3×3×3 = 81 మళ్లు కావాలి. రాగోలు పరిశోధన కేంద్రం పొలంలోనైనా అంత నేల, అంత కూలి ఎక్కడిది? కలయికలను జాగ్రత్తగా ఎంచితే 9 మళ్లు చాలు. ఆ తొమ్మిదింటిలో ఏ రెండు అంశాలు తీసుకున్నా వాటి తొమ్మిది జతలూ కచ్చితంగా ఒక్కసారి చొప్పున వస్తాయి. అందువల్ల ఒక్కో అంశం సొంత ప్రభావం విడిగా బయటపడుతుంది. అయితే అంశాలు ఒకదాన్నొకటి పెద్దగా ప్రభావితం చేయవని నమ్మాలి, ఈ పొదుపుకు కట్టే మూల్యం అదే. తర్వాత జపాన్‌లో గెనిచి టాగుచి ఫ్యాక్టరీల నాణ్యతా నియంత్రణలో ఇలాంటి పట్టికలనే విస్తారంగా వాడాడు.

ఐఎస్ఐ, శిష్యులు, అమెరికా

తిరిగొచ్చాక 1949లో ఐఎస్ఐలో ప్రొఫెసర్. 1959 చట్టంతో ఐఎస్ఐ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1972లో మహలనోబిస్ మరణించాక సంస్థ పగ్గాలు ఈయన చేతికొచ్చాయి. శిష్యుల్లో ఎస్.ఆర్.ఎస్. వరదన్ పేరు తప్పక గుర్తుంచుకోండి, 2007 ఆబెల్ బహుమతి గ్రహీత. కె.ఆర్. పార్థసారథి, వి.ఎస్. వరదరాజన్, ఆర్. రంగారావు ఆ తరంవారే. 1965లో వచ్చిన ‘లీనియర్ స్టాటిస్టికల్ ఇన్‌ఫరెన్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్’ ప్రపంచమంతా చదివిన పాఠ్యపుస్తకం.

1979లో అమెరికా వెళ్లి ముందు పిట్స్‌బర్గ్‌లో, 1988 నుంచి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ ఉంది. 2023 ఆగస్టు 22న బఫెలోలో కన్నుమూశారు. మరో 19 రోజులు ఉంటే 103 నిండేవి.

అవార్డులు – ఒక్క ఊపులో

భట్నాగర్ 1963, రాయల్ సొసైటీ ఫెలో 1967, పద్మభూషణ్ 1968, పద్మవిభూషణ్ 2001, అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ (2001 సంవత్సరానికి, చేతికందింది 2002లో), అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి 2023. చివరిది రెండేళ్లకోసారి ఇస్తారు. మొదట 2017లో డేవిడ్ కాక్స్‌కు ఇచ్చారు. నగదు 80 వేల డాలర్లు.

తికమక పెట్టే బిట్లు

సి.ఆర్. రావు వేరు, సి.ఎన్.ఆర్. రావు వేరు. రెండో ఆయన రసాయన శాస్త్రవేత్త, భారతరత్న గ్రహీత. యు.ఆర్. రావు అంతరిక్ష శాస్త్రవేత్త. ఆప్షన్లలో ముగ్గురినీ పక్కపక్కన పెడతారు. సి.ఆర్. రావుకు భారతరత్న రాలేదు.

భారత సాంఖ్యకశాస్త్ర పితామహుడు ఎవరంటే మహలనోబిస్. జూన్ 29 జాతీయ గణాంక దినోత్సవం ఆయన పుట్టినరోజే. ఇక ఐఎస్ఐ అంటే రెండున్నాయి. కలకత్తాలోది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. ఇంటర్నేషనల్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వేరే సంస్థ, దానికి రావుగారు 1977–79లో అధ్యక్షులు. ప్రశ్నలో ‘ఇంటర్నేషనల్’ అనే మాట ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి.

మెయిన్స్‌కు ఒక లెక్క

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెద్దవాళ్లలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో సర్వే చేయాలి. నిజమైన శాతం 20 దగ్గర ఉండొచ్చని ఊహ (ఇది లెక్క కోసం వేసుకున్న సంఖ్య, సర్వే ఫలితం కాదు). అంచనాలో ప్రామాణిక దోషం (పైన చెప్పిన ఊగిసలాటే) 1 శాతం మించకూడదు. ఎంతమందికి రక్త పరీక్ష చేయాలి?

ఒక్కో మనిషి నుంచి వచ్చే సమాచారం 1 ÷ (0.2 × 0.8), అంటే 6.25. మనకు కావలసిన విస్తృతి 0.01 × 0.01 = 0.0001. క్రామర్–రావ్ హద్దు ప్రకారం మొత్తం సమాచారం కనీసం 10,000 ఉండాలి. 10,000 ÷ 6.25 = 1,600 మంది. ఇంతకు తక్కువమందితో, ఎటూ మొగ్గు లేకుండా, ఆ కచ్చితత్వం ఇస్తానని ఏ సంస్థ చెప్పినా నమ్మనక్కర్లేదు.

ఇక్కడివరకు రాస్తే సగం మార్కులు. మిగతా సగానికి ఇంకో ముక్క రాయాలి. ఆ 1,600 ఒకరితో ఒకరికి సంబంధం లేని 1,600 మంది అయితేనే ఈ లెక్క చెల్లుతుంది. జీపు వెళ్లే దారిలో ఉన్న నాలుగు ఊళ్లు చూసుకుని ఊరికి నాలుగు వందల చొప్పున పరీక్షలు చేసుకొస్తే, ఒకే బోరు నీళ్లు తాగి, ఒకే ఎండలో ఒకే కొబ్బరి తోటల్లో పనిచేసినవాళ్లు ఒక్కోచోట గుంపుగా వచ్చి పడతారు. పక్కింటి మనిషి రక్తం చెప్పే కొత్త సంగతి తక్కువ. కాగితం మీద 1,600 ఉంటుంది, సమాచారం మాత్రం అంత ఉండదు.